లక్కపళ్లెముల బేరము

కుండలు కొనుటకు సంతకు పోయిన ఇల్లాలు కుండను ఎడమచేత ఎత్తిపట్టి, కుడిచేతి వ్రేలికణుపుతో మెల్లగా మీటి, చెవియొగ్గి వినును. ఖంగుమన్నచో బేరమాడును, బొద్దుమన్నచో క్రింద పెట్టి ప్రక్కనున్న దానిని అందుకొనును. పాత గ్రామఫోను రికార్డులను కొను అనుభవజ్ఞులును ఈ విద్యనే ఆశ్రయింతురు. నడిమి రంధ్రమున వ్రేలు దూర్చి పళ్లెమును వ్రేలాడదీసి అంచున మృదువుగా తట్టుదురు. బీటలేని పళ్లెము నిండుగా పలుకును. కంటికి కానరాని బీట యున్నచో ఆ పలుకులో జీర తగులును. కుండకును రికార్డునకును పోలిక ఇంతటితో తీరలేదు. రెండును పెళుసే, రెండును చేయిజారినచో ముక్కలే. కాని పగిలిన కుండకు బదులు మరియొక కుండ దొరకును. పగిలిన రికార్డునకు బదులు దొరకునను ధీమా అన్ని వేళల లేదు.

నల్లగా గుండ్రముగా ఉన్నదెల్ల గ్రామఫోను రికార్డే యని మన యిండ్లలో వాడుక. ఘంటసాల భగవద్గీతను అటుకమీదినుండి తీసి ‘పాత గ్రామఫోను ప్లేటు’ అని చూపువారు పెక్కురు. అది 1974లో ఆ గాయకుని మరణానంతరము వెలువడిన లాంగ్‌ప్లే రికార్డు. వినైలు అను ప్లాస్టికుతో చేసినది. నిమిషమునకు ముప్పదిమూడున్నొక పాతిక చుట్లకు మించి రవంత తిరుగును. కొంచెము వంచిన వంగును. అదే గాయకుడు అంతకు ముందెప్పుడో పాడిన ‘పుష్పవిలాపము’ రికార్డు జాతి వేరు. నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగు ఆ పది అంగుళముల పళ్లెము వంచిన వంగదు, విరుగును. అది లక్క. ఒక ముఖమున మూడు, మూడున్నర నిమిషములకు మించి అందు పాట పట్టదు.

ఈ లక్క కథ భారతీయులు తెలిసికొనదగినది. మోదుగ, రేగు, కుసుమ వృక్షముల కొమ్మలపై కోట్లకొలది చేరు చిన్న పురుగులు స్రవించు జిగురే లక్క. ఛోటానాగపూరు అడవులలో ఆదివాసులు ఆ కొమ్మలను కోసి, గీకి, అమ్ముదురు. లక్కయిల్లు కథ తెలియని తెలుగువాడు లేడు. ఏటికొప్పాక బొమ్మల నిగనిగ, హైదరాబాదు లాడ్‌బజారు గాజుల తళుకు లక్క చలువయే. గ్రామఫోనును కల్పించిన ఎమిల్ బెర్లినర్ తొలుత గట్టి రబ్బరుతో రికార్డులు చేసి తృప్తి చెందక, 1890 తరువాతి సంవత్సరములలో గుండీలు చేయు ఒక కర్మాగారమువారి లక్కమిశ్రమమును స్వీకరించెను. అది మొదలు అరువది యేండ్లకు పైగా ప్రపంచమున పాడిన గొంతులన్నియు మన అడవుల జిగురుపైననే నిలిచినవి. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ మున్నగువారి పాటలను మైనముపై ఎక్కించుకొని పోగా, జర్మనీలోని హనోవరులో అచ్చొత్తబడి అవి ఓడలమీద తిరిగి వచ్చినవి. లక్క ఇచటిది, గొంతు ఇచటిది. అచ్చు మాత్రము అచటిది. పాట ముగియగనే గౌహర్‌జాన్ తన పేరును ఇంగ్లీషున పలుకుటకు హేతువును ఆ ప్రయాణమే: భాష తెలియని హనోవరు పనివారు ఆ పేరు విని లేబులు సరిగా అతికించుటకు. కలకత్తా సియాల్దాలో 1908లో కర్మాగారము వెలసినది. 1928లో అది డమ్‌డమ్‌కు తరలినది.

రికార్డులో ఉన్నది లక్క మాత్రమే యనుకొన్నచో పరీక్ష తప్పును. పలకరాతి పొడి, సున్నపురాతి పొడి, నల్లదనమునకు మసి, పట్టుకై నూలుపీచు దానిలో చేరును. తూకమున లక్కకంటె రాతిపొడియే హెచ్చు. ఆ పొడి చేర్చుట చౌకకొరకు మాత్రమే కాదు. ఉక్కు సూది కొన గాడిలో సరిగా కూర్చుండుటకై మొదటి కొలది చుట్లలోనే గాడి ఆ సూదిని తన రూపమునకు అరుగదీయవలయునని ఉద్దేశము. అనగా రికార్డు సానరాయి. సూది సానబట్టబడును, పిదప ఆ సానబట్టిన అంచు గాడినే చెక్కును. అందుచేతనే సూదుల డబ్బీలపై ఒక్కొక్క సూదిని ఒక్కసారియే వాడవలెనని అచ్చువేసిరి. ఎందరు పాటించిరి? డబ్బీ కొనుటకు పట్టణము పోవలసిన ఊళ్లలో ఒక సూది పెండ్లినుండి పెండ్లివరకు పనిచేసినది. తెలుగువారు సూదిని ‘ముల్లు’ అనిరి. ఇంగ్లండులో కొందరు రసికులు రికార్డు అరుగకుండుటకై నిజముగనే చెట్టు ముల్లును వాడిరి. మన ముల్లు మాటకే ముల్లు, గుణమునకు ఉలి.

కావున కొనువాడు ముందు చూడవలసినది గీతలను కాదు, రంగును. ఒక్క దీపము క్రింద పళ్లెమును ఏటవాలుగా పట్టి మెల్లగా త్రిప్పినచో గాడులు నల్లగా మెరసిన అది అరుగనిది. బూడిదరంగు తిరిగినచో ఉలిదెబ్బలు తగిలినట్లు. పైపై గీతలు చూచి బెదరి మంచి రికార్డును విడిచిపెట్టువారును, గీతలేని బూడిద పళ్లెమును మురిసి కొనువారును అంగళ్లలో కానవత్తురు. సన్నని గీత టిక్కుటిక్కుమని పోవును. అరిగిన గాడి గొంతును పట్టి పీకును. ‘అరిగిపోయిన రికార్డువలె చెప్పినదే చెప్పుచున్నాడు’ అని తెలుగున నానుడి స్థిరపడినది. నిజమునకు అరిగిన రికార్డు చెప్పినదే చెప్పదు, బుసకొట్టును. చెప్పినదే చెప్పునది లోతుగా గీటుపడి గాడి తెగిన రికార్డు. నానుడిని దిద్దుట ఎవరి తరమును కాదు గాని, కొనువాడు ఈ భేదమెరిగి యుండవలయును.

అరుగుదల అన్ని చోట్ల ఒక్క తీరున ఉండదు. పళ్లెము తిరుగు వేగము మారదు గాని, లోపలికి పోయినకొలది చుట్టు చిన్నదగుచు, ఒక్క క్షణపు ధ్వని ఇరుకు చోట ఇముడవలసి వచ్చును. అచటికి చేరుసరికి సూదియు మొద్దువారి యుండును. గొంతు హెచ్చిన చోట గాడి మెలికలు పెద్దవి. మొద్దు సూది ఆ మెలికలు తిరుగలేక గోడలను కొట్టును. ఇప్పుడు తెలుగు నాటకపద్యమును తలచుకొనుడు. ఎత్తుగడ నెమ్మది. మూడు పాదములు కథ నడచును. నాలుగవ పాదము కడపట నటుడు తారస్థాయి నందుకొని రాగమును సాగదీయును. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయు తావు అదియే. రికార్డుపై ఆ తావు సరిగా లేబులు ప్రక్కన, ఇరుకైన లోగాడులలో పడినది! టేపు యంత్రము ఈ దేశమునకు రాకమునుపే గతించిన కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయకనటుని పద్యమును నేడు వినగోరువానికి ఎత్తుగడ స్పష్టముగా వినిపించి, ఏ రాగమునకై ఆయనను జనము నెత్తిన పెట్టుకొనెనో ఆ రాగము వచ్చుసరికి ఇసుక రాలినట్లు వినిపించుట ఇందువలననే. పాశ్చాత్యుల నాట్యసంగీతపు రికార్డుకంటె మన పద్యపు రికార్డును కడపటి అంగుళములో ఎక్కువ శ్రద్ధతో చూడవలయును.

ఈ తారతమ్యములను ఒక్క అక్షరమున చెప్పుటకు సేకర్తలలో ఒక పద్ధతి ఏర్పడినది. ఇంగ్లండులో 1953లో పుట్టిన ‘వింటేజ్ జాజ్ మార్ట్’ అను పత్రిక పేరిట అది నలుదెసల వ్యాపించినది. ఎన్ అనగా ఎన్నడు సూది సోకనిది. ఈ అనగా కొత్తదానివలెనే పలుకునది. సంచిలో పెట్టుచు తీయుచుండగా పడిన ఒరపిడి మాత్రము కొంత ఉండవచ్చును. వీ అనగా అంతట సమముగా కొంత అరిగినది. బుస వినబడును గాని పాటను మ్రింగదు. ఆ తరువాత జీ, ఎఫ్, పీ. వీని ప్రక్కన కూడిక, తీసివేత గుర్తులు చేర్చి ఇంకను సన్నగా తూచుదురు. జీ అనగా ‘గుడ్’, మంచిది. పేరు గంగాభవాని, త్రాగబోతే నీళ్లు లేవు అన్నట్లు, ఆ మంచి రికార్డులో గొంతు చిట్లుటయు బుసయు స్పష్టముగనే వినవచ్చును. అమ్మకపు పట్టికలో ‘మంచిది’ అని చదివి డబ్బు పంపినవాడు తరువాత నొచ్చుకొనుటకు కారణము మోసమే కానక్కరలేదు, పరిభాష తెలియకపోవుట కావచ్చును. పై అక్షరములు గాడులకు సంబంధించినవి. అంచున పెచ్చులేచుట, వెండ్రుకవాసి బీట, లేబులు చిరుగుట వేరుగా వ్రాయవలయును. అంచుపెచ్చు గాడిదాక రానిచో వినుటకు ఏమియు లోపము లేదు, చూచుటకే లోపము. బీట మాత్రము నేడు వెండ్రుకవాసి, రేపు చెయ్యివాసి. మరియొక మాట: రెండు ముఖములకు రెండు తరగతులు వేయనివానిని నమ్మరాదు. జనమునకు నచ్చిన పాట ఉన్న ముఖము బూడిదయై, రెండవది నిన్న అచ్చొత్తినట్లుండుట పరిపాటి.

కొలంబియా కంపెనీ పళ్లెములు ఈ పరీక్షకు కొంత వేరుగా నిలుచును. మీద సన్నని లక్కపొరలు, లోపల ముతక గుజ్జు, నడుమ కాగితము పెట్టి వారు పొరలు పొరలుగా చేసిరి. అందుచే బుస తక్కువ. అయితే దెబ్బ తగిలినపుడు పైపొర మాత్రమే చిట్లి లోపలిది నిలుచును. మీటినపుడు అంత జీర వినబడక, వేలిగోటికి మాత్రము తగులును.

నిగారింపును చూచి భ్రమపడరాదు; నూనె రాచినను నిగారించును. నూనె దుమ్మును పట్టి గాడులలో ముద్ద చేయును. మరి దుకాణములోనే వేసి వినుట మేలు కదా అందురు. మేలే, యంత్రమెట్టిదో చూచిన పిదప. కొండవంటి బూర యంత్రముపై తుప్పుపట్టిన సూది పెట్టి ‘వినండి, ఎంత బాగున్నదో’ అని వినిపించు వర్తకుడు సరకును చూపుచునే సరకును గీకివేయుచున్నాడు. లాంగ్‌ప్లే యంత్రపు సూదియు తగదు. దాని కొన ఒక అంగుళములో వేయవ వంతు, అంతకంటెను సన్నన. లక్కరికార్డు గాడికి వేయింట మూడు వంతుల కొన వలయును. సన్నకొన గాడి అడుగున చేరి దుమ్మును వినిపించును గాని పాటను వినిపించదు. మంచి రికార్డును చెడ్డదని తలచి తిరుగ గొట్టుట దీనివలన జరుగును. నేడు కంప్యూటరు తెరపై ఛాయాచిత్రము చూచి కొనుటయే ఎక్కువ. ఛాయాచిత్రమును మీటలేము. దీపమును ఏటవాలుగా పెట్టి తీసిన చిత్రమును, లేబులు ప్రక్కనున్న లోగాడుల చిత్రమును విడిగా కోరవలయును; ఇయ్యనివాడు దేనిని దాచుచున్నాడో ఊహింపవచ్చును.

ఇక ఏది కొనదగినది? లేబులు అంచున, లోగాడుల ప్రక్కన నున్నని చోట గీయబడిన అంకెలను చదువనేర్చినవానికి రికార్డు తన వయస్సును తానే చెప్పును. ఒక ముఖమునే పాట ఉండి రెండవది బోడిగా ఉన్నచో అది చాల తొలినాటిది. అంకెల తరువాత చిన్న త్రిభుజము ఉన్నచో గ్రామఫోను కంపెనీవారు 1925 తరువాత విద్యుత్తు మైకు ముందు ఎక్కించినది. కొలంబియావారు సున్న చుట్టిన డబుల్యు గుర్తు వేసిరి. ఆ గుర్తులు లేని పూర్వపు పాట బూర ముందు నిలిచి గొంతు చించుకొని పాడినది. పాతదైనంత మాత్రమున విలువ రాదు. వేలకొలది అచ్చొత్తబడిన సినిమాపాట ఎంత తళతళలాడినను అగ్గువకే వచ్చును. ఎవరు కొనిరో తెలియని నాటక సెట్టులో ఒక్క పళ్లెము జీ తరగతిలో దొరకినను సేకర్త కన్నుల కద్దుకొనును. ఈ సెట్టుల బేరమున చిక్కొకటి కలదు. హరిశ్చంద్ర, కృష్ణరాయబారము వంటి కథను ఐదారు పళ్లెములపై వరుసగా ఎక్కించిరి. ఇంటివారు నచ్చిన రెండింటినే మరల మరల వేసికొనిరి. అందుచే పెట్టెలో నాలుగు కొత్తవిగను, రెండు బూడిదగను ఉండును. లేదా ఆ రెండే ఉండవు. సెట్టు అని అమ్మినపుడు ప్రతి పళ్లెమును లెక్కించి, ప్రతి ముఖమును చూడవలయును.

వింతలును గలవు. బ్రిటనులో డెబ్బదియెనిమిది చుట్ల రికార్డుల తయారీ 1960 నాటికి దాదాపు ముగిసినది. మన దేశమున విద్యుత్తు చేరని యిండ్లలో తాళము త్రిప్పు యంత్రములే ఉండుటచే డమ్‌డమ్ కర్మాగారము ఆ దశాబ్దమున గూడ లక్కరికార్డులను వెలువరించెను. తత్ఫలముగా బీటిల్స్ బృందము పాటలు భారతదేశమున లక్కపై వెలసినవి. వారి దేశమున అట్టివి లేకపోవుటచే వానిని విదేశీ సేకర్తలు వెదకి వెదకి కొనుచుందురు. మన టంగుటూరి సూర్యకుమారి పాటలకు, బాలసరస్వతీదేవి సాలూరి రాజేశ్వరరావుగార్ల యుగళగీతములకు ఆ పాటి గిరాకి లేదు. గిరాకి విలువకు కొలబద్ద కాదని తెలియుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

లేమియు గిరాకియు పెంచిన ధర సంగతి అటుంచి, కొన్ని పళ్లెములకు మారు లేకపోవుట అసలు సంగతి. మైనముపై ఎక్కిన పాటనుండి లోహపు మూలఫలకమును, దానినుండి అచ్చు పలకలను చేసి రికార్డులు ఒత్తుదురు. అమ్మకము తగ్గిన పాటల ఫలకములను కంపెనీలు కరగించి లోహము రాబట్టుకొనినవి. అప్పుడు ఎవరి యింటి అటుకమీదనో మిగిలిన పళ్లెమే మూలము. ఆ పళ్లెమునకును గండములే. రెండవ ప్రపంచయుద్ధమున లక్క యుద్ధసామగ్రి అయినది. 1942 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కను బాగుగ కోసివేయగా, కొత్తది కావలసినవారు పాతవి తెచ్చి ఇయ్యవలసిన స్థితి ఏర్పడినది. ఆ పాతవి కరగి కొత్తవైనవి. ఒక గొంతును కరగించి మరియొక గొంతును పోసిరి. తరువాతి కాలమున వేడినీటిలో మెత్తపరచి పూలకుండీలుగ మలచినవారును కలరు. మదరాసు మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయినపుడు పాతసరకు వెదకువారికి తరతరముల చిరునామా ఒకటి పోయినది.

ఇట్టి స్థితిలో తరగతుల పట్టిక తలక్రిందులగును. పీ తరగతి అనగా బేరగాని లెక్కలో చెత్త. అదే పాటకు మరియొక ప్రతి ఎచటను తెలియనపుడు ఆ చెత్తయే నిధి. బీటపడిన పళ్లెమును సయితము నేర్పరి ముక్కలు కదలకుండ అమర్చి ఒక్కసారి వేసి, ఆ ధ్వనిని కంప్యూటరులో పట్టి, టక్కుటక్కులను ఒక్కొక్కటిగా తీసివేయగలడు. మైకేల్ కిన్నియర్ గ్రామఫోను కంపెనీవారి 1899-1908 నాటి భారతీయ రికార్డుల పట్టికను కూర్చి 1994లో వెలువరించినందున ఏ అంకె ఏ గాయకునిదో తెలియు మార్గ మేర్పడినది. బొంబాయిలో 1990లో భారతీయ రికార్డు సేకర్తల సంఘము పుట్టినది. వేలకొలది రికార్డులను కూర్చి, వాని లోకమును తెలుగువారికి తెలుగున తెలిపినవారిలో వి.ఎ.కె. రంగారావుగారి పేరు ముందు చెప్పదగినది. తెలుగు నాటకరంగ చరిత్రను పుస్తకములనుండి మాత్రమే వ్రాయువారు, నటుడు పద్యమును ఎట్లు విరిచెనో, ఎచట ఊపిరి తీసెనో చెప్పలేరు. అది పళ్లెముననే కలదు.

కొని తెచ్చిన పళ్లెమును స్పిరిటుతో తుడుచుట దానిని చంపుటయే. పెట్టెలకు మెరుగు పెట్టు వడ్రంగి లక్కరేకులను స్పిరిటులో వేసి కరగించుట చూచినవారికి కారణము చెప్పనక్కరలేదు. గోరువెచ్చని నీట చుక్క సబ్బు కలిపి, లేబులు తడియకుండ, గాడి వెంట మెత్తని గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టిన చాలును. కోస్తా తేమలో బూజు లేబులును పట్టును, చెద సంచిని తినును. అందుచే కొత్త కాగితపు సంచులలో, ఒకదానిపై నొకటి పేర్చక, నిలువుగా నిలుపవలయును. వాలుగా ఉంచినను వేసవి వేడికి వంకరలు పోవును.

విను ముందు వేగపు సంగతి మిగిలియున్నది. డెబ్బదియెనిమిది అనునది స్థూలముగ చెప్పు సంఖ్య. విద్యుత్తు యంత్రములు వచ్చిన పిదప అమెరికాలో 78.26, ఐరోపాలో 77.92 అని స్థిరపడెను; అంతకు పూర్వపు పళ్లెములు డెబ్బదికి, ఎనుబదికి నడుమ ఎచటనైన ఉండవచ్చును. నాలుగైదు చుట్ల తేడాతో శ్రుతి ఒక హార్మోనియము మెట్టు మారిపోవును. స్త్రీపాత్రలు ధరించిన స్థానం నరసింహారావు వంటి నటుని గొంతు ఎంత సన్నగ ఉండెనని వాదించువారు ముందు యంత్రపు వేగమును చూచుకొనవలయును. వేగము హెచ్చినచో ఎవని గొంతైనను సన్నగిల్లును. పాటవెనుక హార్మోనియము వినబడుచున్నచో తేలికయే. సరిగా శ్రుతి చేసిన హార్మోనియమును ప్రక్కన పెట్టుకొని, రికార్డులోని షడ్జము ఏదో ఒక మెట్టుతో చక్కగా కలియువరకు వేగమును కొంచెముకొంచెముగ సవరింపవలయును. అది రెండు మెట్లకు నడుమ నిలిచినంతకాలము వేగము తప్పే. కలిసిన మెట్లలో ఏది నిజమో ఆ గాయకుని తక్కిన రికార్డులతో పోల్చి నిర్ణయింతురు.